అయిదో బొమ్మ

పద్మజ చేసిన వెబ్ పేజీ అచ్చం పెళ్లి పత్రికలా తయారైంది. అన్నిటికంటే పైన కదిరి లక్ష్మీనరసింహస్వామి, క్యాలెండరులోంచి స్కాన్ చేయించిన బొమ్మ, కిరీటం నుంచి పాదాల దాకా. స్వామి కింద సర్పంచి గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆయన పక్కన మండలాధ్యక్షుడు, ఆయనా చేతులు జోడించే. ఆ కింద మడకశిర బస్టాండు ఎదురుగా ఉన్న తిమ్మన్న ఎస్టీడీ, జిరాక్స్, ఇంటర్నెట్ అంగడి ఫోటో. దాని మీదుగా ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతుంటాయి. వీళ్లందరి దర్శనం అయ్యాక అట్టడుగున గోవిందప్ప కనిపిస్తాడు. గొర్రెల లోను ఇచ్చినప్పుడు బ్యాంకు కోసం తీయించిన ఫోటో, ఒక చెయ్యి గొర్రె మెడ మీద. దాని కింద ఆనవాళ్లు: చామనఛాయ, తల నెరిసింది, ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతాడు. కనిపిస్తే ఈ నెంబరుకు ఫోన్ చేయగలరు.

తప్పిపోయినవాడు గోవిందప్ప ఒక్కడే. మిగతావాళ్లెవరూ ఎక్కడికీ పోలేదు, నిక్షేపంగా ఊళ్లోనే ఉన్నారు. కానీ ఇక్కడ పెళ్లికి గానీ, తిరునాళ్లకు గానీ, ఎడ్ల పందేలకు గానీ, ఏ కాగితం అచ్చు వేయించినా ముందు దేవుడు, తర్వాత పెద్దమనుషులు, ఆ తర్వాతే విషయం. పద్మజ హిందూపురంలో ఏడాది పాటు కంప్యూటర్ కోర్సు చదివింది గానీ, పేజీ చేయడానికి కూర్చునేసరికి చేతులు ప్రెస్సువాళ్ల దారినే పోయాయి. స్వామి బొమ్మ పెట్టమన్నది అమ్మ భద్రమ్మ. సర్పంచి తన ఫోటో తానే కవరులో పెట్టి పంపించాడు, "నా ఫోటో ఏస్తే పోలీసోళ్లు గట్టిగా పట్టించుకుంటారు" అని చెప్పి మరీ. తనది వేసి మండలాధ్యక్షుడిది వేయకపోతే బాగుండదని రెండో ఫోటో కూడా ఆయనే పంపాడు. ఇక తిమ్మన్న. పద్మజ పనిచేసే అంగడి ఆయనది, పేజీలో ఇచ్చిన ఫోన్ నెంబరు ఆయన ఎస్టీడీ బూతుది. "మన అంగడి ఫోటో ఒకటి ఏసుకో పాపా, ఎవరన్నా ఎతుక్కోని వస్తే తెలుస్తాది" అన్నాడు. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ ఏడాది, అంటే రెండువేల మూడులో, మేత లేక గొర్రెలన్నీ అమ్ముకుని గోవిందప్ప బెంగుళూరు పోయాడు, కట్టే బిల్డింగు దగ్గర కాపలా పనికి. పిలుచుకుపోయిన మేస్త్రీ ఓబులేష్ ఒకరోజు ఒంటరిగా తిరిగివచ్చి, గడపలో నిలబడే చెప్పాడు.

"టీ తాగొస్తానని పోయినాడత్తా. షెడ్డుకు మళ్లీ రాల్యా. పోలీసుస్టేషన్లో తిమ్మన్న నెంబరిచ్చి రాయించినా. నాలుగు దినాలు నేనూ తిరిగినా."

అప్పటినుంచి భద్రమ్మ ప్రతి శనివారం సంతకు వచ్చినప్పుడు తిమ్మన్న అంగడి మెట్ల దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి ఒకే ప్రశ్న అడుగుతుంది.

"ఫోన్ ఏమన్నా వచ్చిందా పాపా?"

*

పేజీ అడ్రసును పద్మజ తనతో చదివిన జయరాంకూ పుష్పావతికీ మెయిల్లో పంపింది. కోర్సులో ఉన్నప్పుడు నాగేశ్వర సారు పెట్టిన అలవాటు అది. ఎవరు పేజీ చేసినా మిగతావాళ్లు చూసి మూడు తప్పులు చెప్పాలి. మెచ్చుకోకూడదు. "మెచ్చుకునేదానికి ఇంట్లో అమ్మానాయన ఉండారు. ఈడ తప్పులే చెప్పండి" అనేవాడాయన. కోర్సు అయిపోయి ఎవరి దారిన వాళ్లు పోయినా అలవాటు పోలేదు. జయరాం అనంతపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో చేరాడు, పుష్పావతి బెంగుళూరులో డేటా ఎంట్రీ చేస్తోంది. తప్పులు పట్టడంలో పద్మజ కూడా తక్కువదేమీ కాదు. పుష్పావతి చేసిన పూల అంగడి పేజీ మీద ఆమె రాసిన మెయిల్ చదివి ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడలేదు.

సోమవారం పొద్దున ఇద్దరి జవాబులూ వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. జయరాంది ఇలా ఉంది.

"ఒకటి. మా ల్యాబులో అన్నీ పాత సిస్టంలు, బ్రౌజరు నెట్‌స్కేప్. పేజీ తెరిస్తే తెల్లగా ఉండాది. పోయి టీ తాగొచ్చినా తెల్లగానే ఉండాది. అంతా ఒకే టేబుల్లో, ఒకే గళ్ల చట్రంలో పెట్టినావు, బొమ్మలకు వెడల్పూ ఎత్తూ రాయలేదు. రెండు. తెలుగు అక్షరాలు కోడి గెలికినట్టు వస్తాండాయి, మా దాంట్లో ఆ ఫాంటు లేదు. మూడు. దేవుని బొమ్మ, లీడర్ల బొమ్మలు తీసెయ్. ఈ పేజీ ఎవరి కోసం?"

పుష్పావతిది ఇంకా పొట్టి. "మా ఆఫీసు స్క్రీను చిన్నది. ఫోన్ నెంబరు కుడిపక్క తెగిపోతాండాది. ఆ పరిగెత్తే ఎర్ర అక్షరాలు చదవలేం. ఫోటో శానా కిందికి పడింది."

అంతే. కిందా మీదా వెతికినా ఇంకో మాట లేదు. అయ్యో అని లేదు, అమ్మ ఎట్లుంది అని లేదు, ధైర్యంగా ఉండు అని లేదు. నాయన చెవి తమ్మె సంగతి టైపు చేసేటప్పుడు పద్మజ రెండుసార్లు లేచి బయటికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. అది చదివినవాళ్లకు టేబుల్ కనిపించింది, వెడల్పు కనిపించింది. మనిషి కనిపించలేదు.

తన సిస్టంలో పేజీ తెరిచి చూసింది. టక్కున వచ్చింది. స్వామి, సర్పంచి, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఉన్నారు.

"నా దాంట్లో బాగానే ఉండాది కదా" అంది పైకే. తిమ్మన్న జిరాక్స్ మిషన్ మూత ఎత్తి రేషన్ కార్డు పరుస్తున్నాడు.

ఆమె ఇద్దరికీ జవాబు రాయలేదు.

*

ఆ సాయంత్రం ఇంట్లో భద్రమ్మ సంగటి గెలుకుతోంది. కుండను రెండు పాదాల మధ్య బిగించి, కట్టెను రెండు చేతులతో పట్టుకుని, నడుము ఊపుతూ. ప్రభుత్వం పెట్టిన కరువు పనికి పోయి మట్టి మోసి వచ్చిన చేతులు, అరచేతుల్లో చర్మం లేచిపోయి ఉంది. ఆ కట్టె పట్టుకోవడం ఎంత మంటో పద్మజకు తెలుసు. తాను గెలుకుతానంటే అమ్మ ఒప్పుకోదని కూడా తెలుసు.

"మా, ఆ స్వామి బొమ్మ తీసేయమంటాండారు."

"ఎవురు?"

"జయరామని, నాతో సదివిన పిల్లోడు."

"ఏం, వానికి దేవుడంటే బయం ల్యాదా?"

"అది కాదు మా. ఆ బొమ్మ బరువుగా ఉండాదంట. పేజీ తొందరగా రాదంట."

భద్రమ్మ గెలకడం ఆపింది. "స్వామి బరువైనాడా?"

పద్మజ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"మొక్కుకోనుండా పాపా. మీ నాయన ఇంటికొస్తే కదిరికి నడిచొస్తానని. ఆ స్వామిని నమ్ముకోని ఆయప్ప బొమ్మే పెరికేస్తామా? మనిషిని పైన పెట్టి దేవుని కింద పెట్టే ఇల్లా మనది? మీ నాయన ఉంటే ఒప్పుకుంటాడా?"

నాయన ఒప్పుకోడు. అది నిజమే. ఆయన మందను అడవికి తోలే ముందు కూడా గుడి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకునేవాడు. కానీ పద్మజ ఇంకో మాట అనకుండా ఊరుకున్నది అందుకు కాదు. అమ్మ వద్దనడంతో ఆమెకు లోపల హాయిగా అనిపించింది. జయరాం చెప్పింది చేయకుండా ఉండడానికి ఒక కారణం దొరికింది. అమ్మ వద్దంది, అయిపోయింది. తనేం చేస్తుంది?

మంగళవారం పోయింది, బుధవారం పోయింది. జయరాం మళ్లీ ఒక మెయిల్ పంపాడు. "చూసినావా? మార్చినావా?" అని మాత్రమే. పద్మజ దాన్ని మూసేసి, పదో తరగతి రిజల్ట్సు చూపించమని వచ్చిన పిల్లలకు నెంబర్లు కొట్టి చూపిస్తూ కూర్చుంది. శుక్రవారం అంతా కరెంటు లేదు.

*

శనివారం మధ్యాహ్నం జయరామే బస్సు దిగి వచ్చాడు. వాళ్లది సోమందేపల్లె. వారం వారం ఇంటికి వచ్చినట్టే వచ్చి, బ్యాగు ఇంట్లో పడేసి మడకశిర బస్సెక్కాడంట. చేతిలో ఒక సీడీ.

"ఏం పద్మజా, మెయిల్ కొడితే పలకవే?" అన్నాడు అంగడిలోకి వస్తూనే.

"కరెంటు ల్యా" అంది పద్మజ, తల తిప్పకుండా.

"వారమంతా ల్యాదా?"

జయరాం అంతకంటే రెట్టించలేదు. తిమ్మన్నను అడిగి, మూలనున్న రెండో సిస్టం ముందు కూర్చుని సీడీలో ఉన్న నెట్‌స్కేప్‌ను అందులోకి ఎక్కించాడు. అతను ఆ పనిలో ఉండగానే భద్రమ్మ సంత సంచీతో వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

"ఫోన్ ఏమన్నా వచ్చిందా పాపా?"

"ల్యా మా."

"లోపలికి రా అత్తా" అన్నాడు జయరాం, లేచి కుర్చీ జరుపుతూ. "నేను జయరాం. గోవిందప్ప మామ పేజీ బయటోళ్లకు ఎట్లా కనపడతాదో చూపిస్తా, చూడు."

స్వామిని తీసేయమన్న పిల్లవాడు వీడేనని భద్రమ్మకు అర్థమైంది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. సంచీ కింద పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. పద్మజ కూడా, రానా వద్దా అనుకుంటూనే, వచ్చి వెనక నిలబడింది.

జయరాం అడ్రసు కొట్టాడు. ఫోన్ లైను కీచుమని, బుస్సుమని కలిసింది. తెర తెల్లగా వచ్చింది. అలాగే ఉండిపోయింది.

బయట హిందూపురం బస్సు వచ్చి జనాన్ని దించి పోయింది. తిమ్మన్న ఎవరికో రెండు కాగితాలు జిరాక్స్ తీసి చిల్లర ఇచ్చాడు. తెర తెల్లగానే ఉంది. భద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ముందుకు వంగింది.

"యాడ మీ నాయన?"

"వస్తాడు మా" అంది పద్మజ. "లోడవుతాండాది."

"ఎప్పుడొస్తాడు?"

పద్మజ తన సిస్టం వైపు తిరిగి చూసింది. దాంట్లో ఒక్కసారి కూడా ఇలా కాలేదు.

"నీ దాంట్లో టక్కున వస్తాది" అన్నాడు జయరాం, ఆమె మనసులో మాట విన్నట్టు. "నువ్వు రోజూ చూసే బొమ్మలను అది లోపల దాచిపెట్టుకోనుంటాది. కొత్తోళ్లకు అట్ల రాదు. ఇది ఒకేసారి నాలుగు బొమ్మలనే తెస్తాది. స్వామి ఒకటి, సర్పంచి రెండు, మండలాధ్యక్షుడు మూడు, తిమ్మన్న అంగడి నాలుగు. మామది అయిదో బొమ్మ. ఆ నలుగురిలో ఒకరు వచ్చేసి పక్కకు జరిగేదాకా మామ బొమ్మ బయలుదేరదు. అంతా ఒకే టేబుల్లో ఉండాది కాబట్టి, మామ బొమ్మ ఎంత సైజో తెలిసేదాకా ఇది పేజీ మొత్తాన్ని చూపించదు."

ఆ మాటలు భద్రమ్మకు ఏమాత్రం అర్థమయ్యాయో గానీ, వరస మాత్రం అర్థమైంది. రేషను అంగడి దగ్గర, కరువులో గడ్డి పంచే కేంద్రం దగ్గర ఆమె నిలబడని వరస లేదు.

"సర్పంచు ముందర, మీ నాయన ఎనకా?"

"ఔ అత్తా."

అప్పుడు వచ్చింది పేజీ. సర్పంచీ, మండలాధ్యక్షుడూ చేతులు జోడించి ప్రత్యక్షమయ్యారు. వాళ్ల పైన స్వామి సగందాకానే వచ్చి ఉన్నాడు, మిగతాది గీత గీతగా దిగుతోంది. గోవిందప్ప ఇంకా తెర కిందే ఎక్కడో ఉన్నాడు. అక్షరాల బదులు కోడిగీతలు ఉన్నాయి. జయరాం కిందికి జరుపుతూ పోయాడు. చివరికి ఒక తల, నెరిసిన జుట్టు, చీలిన చెవి. భద్రమ్మ చెయ్యి చాచి తెరను తాకబోయి ఆగింది.

"ఆయప్పకేం తొందర?" అంది భద్రమ్మ. "గుళ్లో ఉండేవాడు, ఎవురు ఎప్పుడు చూసినా ఒకటే. మీ నాయనకే తావు ల్యాదు. ఆయన్ను పైన పెట్టు పాపా. స్వామిని కిందికి దించు. తప్పయితే నేను లెంపలేసుకుంటా."

"సర్పంచో?" అన్నాడు తిమ్మన్న, కొంచెం భయంగా.

"ఆయన తప్పిపోయిననాడు ఎతికేదానికి వాళ్లోళ్లు ఉండార్లే."

తిమ్మన్న నవ్వబోయి, తన అంగడి సంగతి గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నాదీ తీసెయ్ పాపా. నెంబరుంటే సాలు."

పద్మజ కుర్చీ లాక్కుని కూర్చుంది. టేబుల్ తీసేసింది. నాయన ఫోటోను గొర్రె మెడ దాకా కత్తిరించి చిన్నది చేసి, వెడల్పూ ఎత్తూ రాసి, అన్నిటికంటే పైన పెట్టింది. దాని పక్కనే నెంబరు, పెద్ద అక్షరాల్లో. ఇంగ్లీషులో ఆనవాళ్లు. కన్నడం సంగతి తిమ్మన్న చూసుకున్నాడు. తెల్ల కాగితం మీద గుండ్రటి చేతిరాతతో రాసిస్తే దాన్నే స్కాన్ చేసి చిన్న బొమ్మగా పెట్టారు. చివర, పోస్టు బిళ్లంత, స్వామి. జయరాం స్క్రీను చిన్నది చేసి చూశాడు, పెద్దది చేసి చూశాడు, దాచుకున్న బొమ్మలన్నీ తుడిపేసి మళ్లీ తెరిచాడు. రెండు బ్రౌజర్లలోనూ గోవిందప్పే ముందు వచ్చాడు. ఎక్కడా తెల్లగా ఆగలేదు.

అమ్మ సంతలోకి వెళ్లాక పద్మజ అడిగేసింది. "అంత పొడుగు మెయిల్ రాస్తివి. మా నాయన గురించి ఒక్క మాట రాయకపోతివే?"

జయరాం సీడీని కవరులో పెట్టుకున్నాడు.

"ఏం రాయల్ల పద్మజా? నాకు ఓదార్చేకి రాదు. తప్పులు రాస్తే దిద్దుతావు, దిద్దితే మామ ఎవరికన్నా కనపడతాడు అనుకున్యా. ఆ పుష్పావతి చూడు, సాయంకాలం ఆఫీసు ఇడిచినాక ఆస్పత్రులు, ఆశ్రమాలు తిరిగి ఈ అడ్రసు చీటీలు ఇస్తాంది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పద్మజకు తల ఎత్తాలంటే సిగ్గయింది. బస్టాండు దాకా వెళ్లి అతన్ని బస్సెక్కించి వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఆమెకు చాలా రోజుల తర్వాత కడుపు నిండా తినబుద్ధయింది.

*

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. తిమ్మన్న తీసి, కన్నడంలో రెండు మాటలు మాట్లాడి, రిసీవరును పద్మజకు అందించాడు.

బెంగుళూరులో దిక్కులేనివాళ్లను ఉంచుకునే ఒక ఆశ్రమం. అక్కడ ఆఫీసులో పనిచేసే ఆమె మాట్లాడుతోంది. మెత్తటి గొంతు, తొందర లేని కన్నడం. రోడ్డు పక్కన పడి ఉంటే పోలీసులు తెచ్చి చేర్చారంది. పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయిందంది. నోటమాట లేదు కాబట్టి పేరు తెలియలేదు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. ఫోటోలో మనిషి ఆయనే.

"ఎట్లా ఉన్నారు? ఇప్పుడే బయలుదేరి వస్తాము" అంది పద్మజ కన్నడంలో.

"శుక్రవారం పోయారమ్మా. ఎవరైనా వస్తారేమోనని ఆదివారం దాకా ఉంచాము. తర్వాత కార్పొరేషన్ వాళ్లు తీసుకుపోయి దహనం చేశారు."

పద్మజ బూతు గోడ పట్టుకుంది. అద్దం మీద కాల్ చార్జీల పట్టిక అంటించి ఉంది. అదే చూస్తూ నిలబడింది. అటువైపు ఆమె ఓదార్పుగా ఏదో చెప్పుకుపోతోంది. మంచి మనిషే. దాచాలన్న ఆలోచన కూడా లేనంత మంచి మనిషి.

"మీ స్నేహితురాలు చాలా కష్టపడిందమ్మా. గురువారమే చీటీ ఇచ్చి వెళ్లింది. అప్పుడే తెరిచాను. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది. తర్వాత దేవుడి బొమ్మ, చేతులు జోడించిన నాయకులు వచ్చారు. ఏదో జాతర పేజీ, అడ్రసు తప్పు కొట్టానేమో అనుకుని మూసేశాను. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ వచ్చి, పక్కన నిలబడి తెరిపించింది. ముఖం ముందే వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. మీకు తను చెప్పలేనని, నన్నే ఫోన్ చేయమంది."

"గురువారం..." అంది పద్మజ. మళ్లీ అంది. "గురువారం నాయన ఉన్నారా?"

"ఉన్నారమ్మా. ఇక్కడే, ఆఫీసు వెనక తలుపు బయట బెంచీ మీద. పొద్దున ఎండ పడే చోట కూర్చోబెట్టమని చేత్తో చూపించేవారు."

ఫోన్ పెట్టేశాక పద్మజ స్టూలు మీద కూర్చుండిపోయింది. తిమ్మన్న షట్టరు సగం దించి, నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు. సోమవారం పొద్దున మెయిల్ వచ్చింది. శనివారం చేసినప్పుడు ఆ పనికి పట్టుమని రెండు గంటలు పట్టలేదు. సోమవారమే కూర్చుని ఉంటే గురువారానికి నాయన ముఖం పైన ఉండేది. ఆఫీసు గదిలో ఆ ముఖం, గది బయట ఆ మనిషి. మధ్యన ఒక్క తలుపు. ఇందులో అమ్మ మొక్కు పాలు ఎంత, తన అలక పాలు ఎంత అని లెక్క వేసుకోవాల్సిన పని కూడా లేదు. అమ్మకు ఆ పేజీ ఎలా వస్తుందో శనివారం దాకా తెలియదు. తనకు సోమవారమే రాసి చెప్పారు.

ఏడుపు అప్పుడు వచ్చింది. తిమ్మన్న జిరాక్స్ మిషన్ వైపు తిరిగి, మూత మీద లేని దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

*

కరువు పని ఊరి బయట ఎండిపోయిన వంకలో జరుగుతోంది. భద్రమ్మ నెత్తిన మట్టి గంపతో గట్టెక్కుతూ పద్మజను చూసింది. పొద్దున్నే పనికి పోయిన కూతురు ఎండలో నడిచి వస్తోందంటే ఏమిటో ఆమెకు దూరం నుంచే తెలిసిపోయినట్టుంది. గంపను గట్టు మీద కుమ్మరించి, బోర్లించి, దాని పక్కనే నిలబడింది.

పద్మజ చెప్పింది. ఆశ్రమం, పక్షవాతం, చెవి తమ్మె, కార్పొరేషన్ వాళ్లు తీసుకుపోవడం. ఏ రోజు పోయాడో చెప్పలేదు. భద్రమ్మ కూలబడింది. పక్కన పనిచేస్తున్న నల్లమ్మ పార వదిలేసి పరుగున వచ్చి ఆమెను ఒడిలోకి తీసుకుంది. వంకలో పనిచేసే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. భద్రమ్మ గట్టిగా ఏడవలేదు. మట్టి చేతులతో కూతురి మోకాలు పట్టుకుంది.

"అన్నం తినేవాడంటనా?"

"తినేవాడంట మా. బాగా చూసుకున్నారంట. పొద్దున్నే ఎండలో కూచునేవాడంట."

"మాట ల్యాదంటనా?"

"ల్యాదంట."

భద్రమ్మ తల ఎత్తింది. ఆమె అడగబోయేది పద్మజ దారి పొడవునా ఊహించుకుంటూనే వచ్చింది.

"స్వామి పైన ఉన్నెప్పుడు... ఆ ఆశ్రమమోళ్లు ఎవురన్నా మన పేజీ చూసిండారా పాపా?"

"ల్యా మా."

"ఎవురూ?"

"ఎవురూ చూల్యా. పుష్పావతి చీటీ ఇచ్చింది నిన్ననే. మనం పేజీ ఏసేటప్పటికే నాయన పోయినాడంట. శానా దినాలైందంట."

భద్రమ్మ కూతురి ముఖంలోకి చూసింది. పద్మజ కళ్లు దించలేదు. దించితే అంతా బయటపడిపోతుందని ఆమెకు తెలుసు. కాసేపటికి భద్రమ్మే తల తిప్పుకుని, కొంగుతో కూతురి మోకాలి మీది మట్టి దులిపింది.

"ఆ పేజీలో కింద స్వామి ఇంకా ఉండాడు కదా?"

"ఉండాడు."

"తీసెయ్ పో పాపా. మనకు మైల. మైలలో స్వామి ఉండకూడదు."

నల్లమ్మ భద్రమ్మను లేవదీసి ఇంటివైపు నడిపించుకుపోయింది. పద్మజ మళ్లీ మడకశిర బస్సెక్కింది. తిమ్మన్న అంగడి షట్టరు ఇంకా సగం దించే ఉంది. వంగి లోపలికి వెళ్లి, రెండో సిస్టం ముందు కూర్చుని, స్వామి బొమ్మ ఉన్న వరసను చెరిపేసి పేజీని మళ్లీ నెట్‌లోకి ఎక్కించింది. నెట్‌స్కేప్ తెరిచి అడ్రసు కొట్టింది.

పేజీ వెంటనే వచ్చేసింది. నాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన పక్కన పెద్ద అక్షరాల్లో నెంబరు, కనిపిస్తే ఫోన్ చేయగలరు అన్న మాట. దాన్ని తీసేయమని అమ్మ చెప్పలేదు. పద్మజ తీయలేదు.